పన్నెండో అంతస్తు నుంచి దిగే పాట

పొద్దున ఎనిమిదింటికి బిల్డింగు గేటు తీసే వేళకి లిఫ్టక్క లిఫ్టులో తన స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో గిటార్ పెట్టుకుని, తీగలు బిగించే బిరడాలు సవరించుకుంటూ ఉంటుంది. అది గుండెకి ఆనించుకుని వాయించే మామూలు గిటార్ కాదు. పీటలాగా ఒళ్ళో వెల్లకిలా పడుకునే రకం. తీగల్ని వేళ్ళతో నొక్కే పని లేదు. చూపుడువేలంత స్టీలు కడ్డీని ఎడమచేత్తో తీగల మీద జారిస్తే చాలు, స్వరం ఎక్కడా తెగకుండా ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోతుంది. దానితో పాటే లిఫ్టూ పోతుంది.

గిటార్ మీద పన్నెండు గీతలున్నాయి, బిల్డింగుకి పన్నెండు అంతస్తులు. కడ్డీ ఏ గీత మీదుంటే లిఫ్టు ఆ అంతస్తులో ఉంటుంది. కడ్డీ ఎత్తేసి ఊరికే తీగలు మీటితే కింద, గేటు దగ్గర. మోటారు కాలిపోయి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. దాన్ని బాగుచేయించాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు.

"అక్కా, నాలుగు."

"ఈ పాటలో ముందు తొమ్మిదొస్తుంది తమ్ముడూ. ఆ తర్వాతే నాలుగు. తొందరైతే మెట్లెక్కు."

"తొమ్మిదిలో నాకేం పని?"

"నీకు లేదు. పాటకి ఉంది."

ఎక్కిన కుర్రాడు నవ్వుకుంటూ గోడకున్న రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు.

లిఫ్టక్క ఈ విద్యని తనకి ముందు అక్కడ పనిచేసిన తాత పక్కన ఆరేళ్ళు నిలబడి నేర్చుకుంది. తాత మొదటిరోజే చెప్పాడు: "ఉట్టి స్వరాలకి ఇది కదలదే అమ్మాయ్. పాట కావాలి. మొదలుపెట్టిన పాట పూర్తి కావాలి. మధ్యలో తప్పావో, ఎక్కడికక్కడ కుదుపుతో ఆగిపోతుంది." నాలుగైదు స్వరాలు కలిసి ఒక్కసారే మోగితే కార్డు అంటారు. మూడు కార్డులతో అయిపోయే పాటలు బోలెడున్నాయి. కానీ వాటితో మూడు అంతస్తులకే గడుస్తుంది. మిగతా తొమ్మిది అంతస్తుల వాళ్ళూ ఊరుకుంటారా? అందుకని ఆ లిఫ్టులో మొదటినుంచీ పాత జాజ్ పాటలే. అవి ఒకచోట కుదురుగా ఉండవు. ఎక్కడో బయల్దేరి, దారిలో అందరి గుమ్మాలూ తొక్కి, చివరికి సొంతింటికి చేరతాయి.

చిక్కల్లా ఒక్కటే. ఆ పాటల్లో కార్డులు నడవవు, దూకుతాయి. తొమ్మిది నుంచి రెండుకి, రెండు నుంచి ఏడుకి. ఎంత మెత్తగా జార్చినా అంత దూరం పోవడంలో లిఫ్టు ఒక్క ఊపు ఊగుతుంది. ఎక్కేవాళ్ళకి అలవాటే, దూకుడు వచ్చే ముందు చెప్పకుండానే రాడ్డు పట్టుకుంటారు.

మూడేళ్ళ కింద ఒక సాయంత్రం పన్నెండో అంతస్తు టీచరమ్మ రాడ్డు పట్టుకోలేదు. రెండు చేతుల్లోనూ పుస్తకాల సంచులున్నాయి. లిఫ్టక్క ఆ రోజు ఇంటికెళ్ళే తొందరలో ఉంది. తొమ్మిది నుంచి రెండుకి కడ్డీని జార్చిందా అంటే జార్చింది, నిజానికి విసిరింది. టీచరమ్మ కింద పడలేదు. "అమ్మా" అని మాత్రం అంది. మర్నాడు డాక్టరు వెన్నుపూస ఒకటి చిట్లిందన్నాడు. ఎముకలు గుల్లబారిపోయాయి, ఇంకో కుదుపు తగిలితే మంచం మీద లేచి కూర్చోవడం కూడా ఉండదన్నాడు. అప్పట్నుంచి టీచరమ్మ కిందికి దిగలేదు. ఎవరడిగినా "వయసమ్మా, ఇంకేముంది" అనేది. ఆ విసురు సంగతి లిఫ్టక్క ఎవరికీ చెప్పలేదు. కానీ పన్నెండో గీత మీదికి కడ్డీ వెళ్ళిన ప్రతిసారీ దాన్ని కోడిగుడ్డుని దొర్లించినంత జాగ్రత్తగా జార్చేది.

టీచరమ్మకి పెళ్ళి లేదు, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక చెల్లెలు. రోడ్డుకి అవతల, సరిగ్గా ఎదురుగా ఉన్న పెంకుటింట్లో ఉంటుంది. రోజూ మధ్యాహ్నం ఆ చెల్లెలే లిఫ్టెక్కి పైకొచ్చేది. ఇద్దరూ కలిసి పేపర్లో గళ్ళనుడికట్టు పూర్తిచేస్తూ, ఒక్కో మాట దగ్గర పోట్లాడుకునేవాళ్ళు. ఆ పోట్లాట పదకొండో అంతస్తు దాకా వినిపించేది. నెల్లాళ్ళుగా చెల్లెలు రావడం లేదు. గుండె బలహీనపడింది, మంచం దిగొద్దన్నారు.

ఒకరోజు భోజనాల వేళ టీచరమ్మ కబురుపెట్టింది. లిఫ్టక్క వెళ్ళేసరికి ఆమె కిటికీ పక్కన, దిండ్ల మధ్య కూర్చుని ఉంది. అంత ఎత్తునుంచి చూస్తే చెల్లెలి ఇంటి పెంకులు తప్ప ఏమీ కనబడవు.

"అమ్మాయ్, డాక్టరు దానికి పదిహేను రోజులు చెప్పాడట," అంది టీచరమ్మ. "అది నా దగ్గర దాచింది. నర్సు ఫోన్లో నోరు జారింది."

లిఫ్టక్క ఆమె దగ్గరికి జరిగి నేల మీద కూర్చుంది.

"ఫోన్లో మాట్లాడదామంటే దానికి ఊపిరి చాలడం లేదు. 'అక్కా' అని పిలిచి ఆగిపోతోంది. మెట్లమీదుగా మోసుకెళ్ళమంటే కుదరదన్నారు. మలుపు మలుపుకీ కుర్చీ ఒరిగిపోతుందట." పెంకుల మీంచి చూపు ఇటు తిప్పింది. "నువ్వు నన్ను దింపగలవా?"

"దింపుతాను."

"కుదుపు లేకుండా?"

"కుదుపు లేకుండా."

మాట నోటినుంచి వచ్చేశాక గానీ లిఫ్టక్కకి దాని బరువు తెలియలేదు. పన్నెండు నుంచి కింది దాకా, ఒక్కో అంతస్తూ వరసగా, ఎక్కడా దూకకుండా దిగే పాట కావాలి. అలాంటి పాట ఆమెకొచ్చిన వాటిల్లో ఒక్కటీ లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో వంటగది బల్ల మీద గిటార్ పెట్టుకుని ఒక్కో పాటా తిరగేసింది. ఏది తీసినా దూకుడే. వెల్డింగు పని ముగించుకొచ్చిన మొగుడు చేతులు కడుక్కుంటూ అన్నాడు:

"నువ్వే ఒక పాట కట్టెయ్యరాదూ, మెట్లు దిగినట్టు?"

"కట్టాను. నిన్ననే పొద్దున ఖాళీ లిఫ్టులో వాయించి చూశాను కూడా. అంగుళం కదల్లేదు. నాలుగు నోళ్ళలో నలిగిన పాటైతేనే దానికి ఆనుతుంది."

"నిన్ననా? టీచరమ్మ అడిగింది ఇవాళ కదటే?"

లిఫ్టక్క తీగ తుడుస్తూ తలెత్తలేదు. "నేను మూడేళ్ళనుంచి వెతుకుతున్నాను," అంది.

అతను పొయ్యి వెలిగించి తనే అన్నం ఎక్కించాడు. ఆమె పట్టు పడితే విడిచే మనిషి కాదని పెళ్ళయిన వారానికే తెలుసుకున్నాడు.

మర్నాడు భోజనాల వేళ గిటార్ పట్టుకుని మళ్ళీ పన్నెండుకెళ్ళింది. ఈసారి టీచరమ్మ గదిలోనే కూర్చుంది. అందరికీ తెలిసిన ఒక నెమ్మదైన పాట తీసుకుంది. రావలసిన మనిషి కోసం దీపం పెట్టుకుని కూర్చున్నట్టుండే పాట అది. కార్డు తర్వాత కార్డు విడివిడిగా వినిపించింది. టీచరమ్మ ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. వింటూ ఊరుకోలేకపోయింది.

"స్వరాలు పన్నెండే కదా? సున్నా నుంచి పదకొండు దాకా అంకెలు వేసుకుందాం. ఒక్కో కార్డులో ఏమేం ఉన్నాయో చెప్పు."

లిఫ్టక్క చెబుతూ పోయింది, టీచరమ్మ కాగితం మీద నిలువు వరసల్లో వేసుకుంటూ పోయింది. ఒక పేజీ నిండింది. టీచరమ్మ కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి చాలాసేపు చూసింది. తర్వాత పెన్సిల్‌తో కొన్ని అంకెల చుట్టూ సున్నాలు చుట్టింది.

"ఇటు చూడు. ఈ కార్డు నడిమధ్యన పదీ, నాలుగూ. తర్వాతదాంట్లో తొమ్మిదీ, మూడూ. ఆ తర్వాత ఎనిమిదీ, రెండూ. మిగతావన్నీ కోతుల్లా గెంతుతున్నాయి. ఈ రెండూ మాత్రం బుద్ధిగా ఒక్కో మెట్టే దిగుతున్నాయి."

లిఫ్టక్క ఆ కాగితాన్ని లాక్కున్నంత పనిచేసింది. ఇరవై ఏళ్ళుగా ఆ స్వరాలు ఆమె వేళ్ళ కిందే ఉన్నాయి. తాత ఇచ్చిన శ్రుతిలో ఆరు తీగలూ ఒకే తియ్యటి కార్డుకి కట్టి ఉంటాయి. దానితో ఇంకో కార్డు కావాలంటే కడ్డీ అంత దూరమూ పోక తప్పదు. అదే, నడిమి తీగల్ని ఈ జంటకి కట్టేస్తే? కడ్డీ ఒక్క గీత వెనక్కి జరిగితే చాలు, కొత్త కార్డు వచ్చి కూర్చుంటుంది. అడుగునుండాల్సిన దూకుడు స్వరాల్ని చివరి రెండు లావు తీగల మీద బొటనవేలు చూసుకుంటుంది.

"శ్రుతి మార్చాలి," అంది.

"మార్చు మరి. నన్నడుగుతావేం?"

బుధవారం మధ్యాహ్నం, జనం పలచబడే వేళ చూసి, కొత్త శ్రుతిలో ఒంటరిగా పన్నెండు నుంచి బయల్దేరింది. పదకొండు వచ్చింది, పది వచ్చింది. లిఫ్టు నూనెలో జారినట్టు జారింది. పదికీ తొమ్మిదికీ నడుమ రెండో తీగ ఫట్టుమని తెగింది. పాట ఆగింది, లిఫ్టూ ఆగింది. దవడలు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. కొత్త తీగ కట్టి, పాట మళ్ళీ మొదటినుంచి అందుకుని బయటపడేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఈలోగా జనం మెట్లెక్కి రొప్పుతూ సూపర్‌వైజర్ గది ముందు గుమిగూడారు.

సూపర్‌వైజర్ ఎర్రబడ్డ మొహంతో వచ్చాడు. "ఇది బిల్డింగు లిఫ్టమ్మా, నీ కచేరీ కాదు. ఉన్న శ్రుతి ఉన్నట్టు ఉంచు. ఇంకోసారి మార్చావంటే ఈ స్టూలు మీద వేరేవాళ్ళు కూర్చుంటారు."

"పాత శ్రుతిలో టీచరమ్మ దిగలేరు సార్."

"ఆమె దిగాలని ఇప్పుడెవరన్నారు?"

"ఆమే అన్నారు. చెల్లెలికి రోజుల్లేవు."

సూపర్‌వైజర్ నడుం మీది చేతులు దించాడు. గళ్ళనుడికట్టు పోట్లాట అతనూ చాలాసార్లు విన్నాడు. ఒకసారి ఏడక్షరాల మాటొకటి చెప్పి, ఇద్దరిచేతా చీవాట్లు తిన్నాడు కూడా. కిందికీ పైకీ చూసి, గొంతు తగ్గించాడు.

"ఆదివారం పది గంటలకి నేను క్షవరానికి వెళ్తాను. గంటన్నర పడుతుంది."

లిఫ్టక్క అతని తలవైపు చూసింది. అక్కడ గంటన్నర పనేమీ లేదు. సరేనని తలాడించింది.

ఇంకొక అడ్డంకి మిగిలింది. పాట సగంలో, సరిగ్గా ఆరో అంతస్తు దగ్గర, రాగం పక్కదారి పట్టి పైకెక్కుతుంది. అలాగే వాయిస్తే లిఫ్టు ఆరు నుంచి తొమ్మిదికి ఎగురుతుంది. కడ్డీని ఆరులోనే నిలిపి ఆ భాగమంతా నడపాలంటే, పాట మోగుతూ ఉండగానే రెండు బిరడాలు తిప్పి, రెండు తీగల శ్రుతి మార్చాలి. అది అయ్యాక మళ్ళీ యథాస్థానానికి తిప్పాలి. ఒక్కోసారికీ ఉన్న వ్యవధి రెండే క్షణాలు. క్షణం ఆలస్యమైతే స్వరం తెగుతుంది.

గురువారం, శుక్రవారం, శనివారం, పని నుంచి రాగానే వంటగది బల్లే లోకమైంది. కడ్డీని తీగల మీద మోపి, కుడిచేత్తో మీటి, ఆ మోత ఆరేలోగా అదే చేతిని బిరడాకి పరిగెత్తించడం. పోయింది. మళ్ళీ. పోయింది. మళ్ళీ. చూపుడువేలి చివర తోలు లేచిపోయింది. మొగుడు ఆమె పక్కన కూర్చుని చూసి చూసి, బిరడాల పక్కన గోరంత ఇనపముక్కలు అతికించి తెచ్చాడు.

"ఇక చెవిని నమ్ముకోనక్కర్లేదు. ఆ ముక్కకి తగిలేదాకా తిప్పు, ఆపెయ్. శ్రుతి అక్కడే ఉంటుంది."

"నువ్వు ముందే ఎందుకు చెయ్యలేదు?"

"ముందే అడగలేదుగా."

శనివారం పడుకోబోయే ముందు పదిసార్లు వాయిస్తే పదిసార్లూ కుదిరింది.

ఆదివారం పదింటికి టీచరమ్మని చక్రాల కుర్చీలో, నడుము చుట్టూ నాలుగు దిండ్లతో లిఫ్టులోకి తెచ్చారు. ఉతికి ఆరేసిన చీర, కొప్పు బిగించి దువ్వుకుంది. లిఫ్టక్క మొగుడు కుర్చీ వెనక నిలబడి రెండు చేతులతో పట్టుకున్నాడు. అంతస్తు అంతస్తులోనూ ఎవరో ఒకరు గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు. ఎవరూ గంట నొక్కలేదు.

"భయంగా ఉందా టీచరమ్మా?"

"నీకుందా?"

"ఉంది."

"సరే, ఇద్దరికీ ఉంది. కానివ్వు."

లిఫ్టక్క మొదటి కార్డు మీటింది. పన్నెండు. కడ్డీ కదిలిందో లేదో తెలియనంత మెల్లగా పదకొండుకి వచ్చింది. పది. జాలీ తలుపు సందుల్లోంచి జనం మొహాలు ఒక్కొక్కటే పైకి పోతున్నాయి. తొమ్మిది. ఆ గీత దగ్గర ఆమె మెడమీద చెమట పట్టింది. పాట రెండో అంతస్తు వైపు లాగుతోంది. ఆమె కడ్డీ ఎనిమిదికే వెళ్ళింది. ఏడు. టీచరమ్మ కళ్ళు మూసుకుని, వేళ్ళతో ఒడిలో లెక్కపెట్టుకుంటోంది.

ఆరు. పాట పక్కదారి పట్టింది. లిఫ్టక్క తీగలు మీటి, కుడిచేతిని మొదటి బిరడాకి పంపింది. తిరిగింది, తగిలింది, ఆగింది. రెండోది తిప్పింది. తగలలేదు. ఇనపముక్క ఊడి నేల మీద టక్కున పడింది. తీగ హద్దు దాటి జారిపోయింది, ఆ ఒక్క స్వరం కుంటిదైపోయింది. లిఫ్టు సన్నగా వణికింది. కుర్చీ వెనక మొగుడి చేతులు బిగుసుకున్నాయి.

ఆ తీగ ఎంత కిందికి పోయిందో చెవికి తెలుసు. బిరడా వెనక్కి తిప్పే వ్యవధి లేదు. ఆమె ఎడమ మణికట్టుని కొద్దిగా వంచింది. కడ్డీ నిటారుగా ఉండటం మాని ఏటవాలుగా ఒరిగింది. ఒక కొన ఆరో గీత మీదే ఉంది, ఇంకో కొన గీత దాటి వెంట్రుకవాసి ముందుకి పోయింది. కుంటి స్వరం తన చోటికి ఎక్కి నిలబడింది. వణుకు ఆగింది. అలా చెయ్యి వంకరగానే పెట్టి, మధ్యభాగమంతా, పదహారు తాళాల సేపు, ఆరో అంతస్తులో నిలబెట్టి వాయించింది. మణికట్టు మండిపోతోంది. ఆరో అంతస్తు గుమ్మంలో నిలబడ్డ దర్జీ తన మణికట్టు తానే పట్టుకున్నాడు.

పాట తన దారికి తిరిగొచ్చింది. చివరి మోత ఆరేలోగా రెండు బిరడాలూ వెనక్కి తిప్పింది, ఒకటి ముక్కని నమ్మి, ఇంకొకటి చెవిని నమ్మి. కడ్డీ నిటారైంది. అయిదు. నాలుగు. మూడు. ఇక ఆమె దేన్నీ ఆలోచించలేదు. రెండు. ఒకటి. కడ్డీ తీగల మీంచి లేచింది. ఖాళీ తీగలు ఒక్కసారి మోగి, వాటంతట అవే అణిగిపోయాయి.

టీచరమ్మ కళ్ళు తెరవలేదు. "ఏమ్మా, ఆగిందా? ఎక్కడున్నాం?"

"కింద."

"నిజంగానా?"

మొగుడు జాలీ తలుపు తీశాడు. వీధి వెలుతురు ఆమె కాళ్ళ మీద పడింది.

రోడ్డు దాటడం పెద్ద పని కాలేదు. వెల్డింగు షాపు రబ్బరు పట్టాలు అప్పటికే పరిచి ఉన్నాయి. నలుగురు మనుషులు కుర్చీని గాజుసామానులా ఎత్తుకుపోయారు. పెంకుటింటి గదిలో మంచం మీద చెల్లెలు తలుపువైపు తిరిగి పడుకుని ఉంది. అక్కని చూసి లేవబోయింది. లేవలేకపోయింది.

"ఎందుకొచ్చావే? నడుం విరగ్గొట్టుకోడానికా?" అంది ఊపిరి కూడదీసుకుని.

"నిన్న పేపర్లో అడ్డం పద్నాలుగు తప్పు రాశావని నర్సు చెప్పింది. అందుకొచ్చాను."

చెల్లెలు నవ్వబోయి ఏడ్చింది. టీచరమ్మ కుర్చీలోంచే చెయ్యి చాపి ఆమె చెయ్యి పట్టుకుంది. మిగిలినవాళ్ళంతా బయటికొచ్చేశారు.

సాయంత్రం లిఫ్టక్క వెళ్ళి "పైకి వెళ్దామా?" అని అడిగితే, టీచరమ్మ తల అడ్డంగా ఊపింది. మర్నాడూ అంతే. మూడోరోజు ఆమె మంచాన్నే కిందికి దింపి చెల్లెలి మంచం పక్కన వేశారు. డాక్టరు చెప్పిన పదిహేను రోజులూ గడిచాయి. నెల గడిచింది. ఆ ఇంటి కిటికీలోంచి గళ్ళనుడికట్టు పోట్లాట, సగం గొంతుతోనే అయినా, రోడ్డు మీదికి వినిపిస్తూనే ఉంది. నలభై ఒకటో రోజు మధ్యాహ్నం, అక్క ఒక మాటకి అక్షరాలు లెక్కపెడుతూ ఉండగా, చెల్లెలు వెళ్ళిపోయింది.

వారం పోయాక లిఫ్టక్క ఆ ఇంటి గుమ్మంలో నిలబడింది. టీచరమ్మ చెల్లెలి కళ్ళద్దాలు తుడుస్తోంది.

"టీచరమ్మా, మీకో మాట చెప్పాలి. మూడేళ్ళ కింద ఆ రోజు..."

"తొమ్మిది నుంచి రెండుకి," అంది టీచరమ్మ తలెత్తకుండా. "కడ్డీ విసిరావు. నేను చూశాను."

లిఫ్టక్క ద్వారబంధం పట్టుకుంది. "మరి ఒక్కనాడూ అనలేదేం?"

"అంటే నువ్వు గిటార్ పక్కన పడేసేదానివి. నన్ను దింపేదెవరు మరి?"

లిఫ్టక్క గుమ్మంలోనే చతికిలబడింది. ఏడవాలో నవ్వాలో తెలియక కొంగుతో మొహమంతా తుడుచుకుంది. టీచరమ్మ కళ్ళద్దాలు బల్ల మీద పెట్టి, తను ఇక ఈ ఇంట్లోనే ఉండిపోతానని, పైనున్న సామాను ఎప్పుడు దింపుతావని అడిగింది.

"ఈ ఆదివారం. బీరువా కూడా దానంతటది దిగినట్టు దింపుతాను."

అవతల బిల్డింగులో ఎవరో గంట నొక్కారు. ఎనిమిదో అంతస్తు. లిఫ్టక్క లేచి రోడ్డు దాటి స్టూలు మీద కూర్చుంది. సూపర్‌వైజర్ అటుగా పోతూ ఆమె తీగలు మీటడం విని, అది ఏ శ్రుతో గ్రహించి, చెవి దురదపెట్టినట్టు గోక్కుంటూ వెళ్ళిపోయాడు. కొత్త శ్రుతిలోకి ఒక్క పాటే వచ్చింది. ఆమెకొచ్చిన పాటల్లో ఇంకా ముప్పై తొమ్మిది మిగిలే ఉన్నాయి. ఎక్కేవాళ్ళెవరూ రాడ్డు పట్టుకోనక్కర్లేకుండా, అన్నిటినీ ఇందులోకి తేవాలి. లిఫ్టక్క రెండోదానికి మొదటి కార్డు వెతుక్కుంటూ కడ్డీని తీగల మీద ఆనించింది.